కిటికీ అద్దములు, ఆదివారపు సంపాదన

గ్రామములయందుండి ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలతో నేడు నేనొక చిన్న వృత్తిని గూర్చి మాటలాడదలచితిని. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడని మన యిండ్లలో తరతరములుగ వినుచున్న మాట. నెలజీతము వేణ్ణీళ్ళయినచో, ఆదివారమునాడు పట్టణములో కిటికీ అద్దములు శుభ్రపరచి తెచ్చుకొను నాలుగు డబ్బులు చన్నీళ్ళు. ఇది విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కిటికీలు తుడుచుట గూర్చి రేడియోలో ఉపన్యాసమా యని అనుకొనవచ్చును. మీ కుమారులో, మనుమలో విశాఖపట్టణమునకు బ్రతుకుతెరువు నిమిత్తము వచ్చి యున్నవారయినచో, కొంచెము సేపు ఓపికపట్టి వినవలసినదిగా కోరుచున్నాను.

నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు బోధించి, ఉద్యోగ విరమణానంతరము విశాఖపట్టణములోని సీతమ్మధారలో కాపురముంటిని. ఈ పేట సింహాచలపు కొండల వరుసకు చేరువగా నున్నది. ఒకప్పుడు తోటల నడుమ విడివిడి యిండ్లుండెడి చోట నేడు అయిదంతస్తుల, పదియంతస్తుల భవనములు లేచినవి. ఇచ్చట నివసించువారిలో ఉద్యోగములు చాలించుకొన్నవారు చాలమంది. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయములో పాఠములు చెప్పినవారు, 1933లో తెరచిన ఓడరేవులో పనిచేసినవారు, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారములో కొలిమివేడికి కాగినవారు ఈ వీధులలో సాయంకాలము కఱ్ఱ పట్టుకొని నడచుచుందురు. వారి బిడ్డలు హైదరాబాదులోనో, అమెరికాలోనో యుందురు. ఇండ్లు పెద్దవి, కిటికీలు పెద్దవి, చేతులు మాత్రము రెండే, అవియు వణకుచున్నవి. ముసలివారు ఎత్తుపీట యెక్కి అద్దము తుడువబోయి జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొనుట ఈ పేటలో నేను విన్న కథయే కాదు, మా ప్రక్కయింట కన్నులార చూచినది కూడను.

రెండేండ్ల క్రిందట, నేను పూర్వము పనిచేసిన గ్రామమునుండి ఒక రైతు మా యింటికి వచ్చెను. ఎకరమున్నర భూమి కలవాడు. అతని కుమారుడు నావద్ద చదువుకొన్న పిల్లవాడు. నగరములో ఒక మందుల దుకాణమున గుమాస్తాగా నుండెను. రైతు చేతిసంచి అరుగుమీద పెట్టి, కూర్చుండుమన్నను కూర్చుండక యిట్లనెను: "మేష్టారండీ, వాణ్ణి చదివించింది మీరు. పట్నంలో మందుల కొట్లో గుమాస్తా అని ఊళ్ళో చెప్పుకుంటున్నాను. ఆదివారంనాడు ఇంటింటికీ తిరిగి కిటికీలు తుడుస్తున్నాడట. రేపు పిల్లనిచ్చేవాడు వచ్చి మీవాడేం చేస్తున్నాడని అడిగితే నేనేం చెప్పను? పైగా చేతికి ఆ కట్టేమిటి?"

ఆ రెండు ప్రశ్నలకును నావద్ద వెంటనే సమాధానము లేకపోయెను. రెండవ ప్రశ్నకు సమాధానము నేనే. ఆ సంగతి ముందు చెప్పెదను. మొదటి ప్రశ్నకు మాత్రము నేనతనిని తిరిగి యొక ప్రశ్న వేసితిని. "మీ యింట లాంతరు చిమ్నీ యెవరు తుడిచెడివారయ్యా?" అంటిని. అతడు తన తల్లి యనెను. సంజవేళ అరుగుమీద కూర్చుండి, చిమ్నీలోనికి నోటి ఆవిరి యూది, మెత్తని బూడిద పెట్టి, పాత చీరపేలికతో త్రిప్పి త్రిప్పి తుడిచి, దీపము వెలిగించి నమస్కరించు ఆ తల్లిని నేనును ఎరుగుదును. అది తక్కువపని యని ఆ యింట నెవ్వరును తలపలేదు. మన యింటి గాజు తుడుచుట పుణ్యము, పరుల యింటి గాజు తుడుచుట తలవంపు అన్నచో ఆ భేదము గాజులో లేదు, మన మనస్సులో నున్నది. అమరకోశములో అద్దమునకు గల పేర్లలో ఆదర్శ శబ్దమొకటి. దాని నర్థము తెలియక పిల్లలు పరీక్షలలో ఏమేమో వ్రాసెడివారు; అది వేరు కథ.

ఇక పనిని గూర్చి చెప్పెదను. విశాఖపట్టణములో అద్దము మురికి పట్టుటకును, లోనాడు గ్రామములో పట్టుటకును భేదము కలదు. సముద్రపు గాలిలో ఉప్పు తుంపరలుండును. ఆ నీరు ఆరిపోయి, ఉప్పు అద్దముమీద కంటికి కనబడని పొరగా నిలుచును. ఉప్పునకు గాలిలోని తేమను లాగుకొను గుణమున్నది గదా. వానకాలములో మన యిండ్లలో ఉప్పుజాడి చెమర్చుట యెల్లరు నెరుగుదురు. అట్లే అద్దముమీది ఉప్పును తెల్లవారుజామున చెమర్చి, గాలిలోని దుమ్మును జిగురువలె పట్టుకొనును. దానికి తోడు ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజము దించునపుడును ఎక్కించునపుడును లేచు నల్లని పొడి యొకటి. రేవునకు సమీపమున నున్న పాతనగరవాసులు దీనిని గూర్చి అనేక సంవత్సరములుగ మొరపెట్టుకొనుచునే యున్నారు. సీతమ్మధార రేవునకు కొంత యెడముగ నున్నందున మాకు దాని బాధ తక్కువ. రహదారుల పొగ, కొత్తగ కట్టుచున్న భవనముల సిమెంటు దుమ్ము మాత్రము సమృద్ధిగ కలదు.

ఈ దుమ్ములో ఇసుకవలె కరకుగానుండు కణములున్నవి. కావున పొడిగుడ్డతో అద్దమును రుద్దుట తగదు. అట్లు రుద్దినచో ఆ కణములే గీతలు గీయును. చిమ్నీకి బూడిద పనికివచ్చినది. కిటికీకి బూడిదయు, ముగ్గుపిండియు పెట్టరాదు. ముందు నీరు ధారాళముగ చల్లి ఉప్పును, మట్టిని జారనిచ్చి, ఆ తరువాతనే చేయి పెట్టవలెను.

నీటి విషయములోనే ఒక చిక్కు. నగరమునకు ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ మొదలగు జలాశయములనుండి మంచినీరు వచ్చును. అది చాలక భవనములలో బోరునీరు కలిపి వాడుదురు. బోరునీటిలో సున్నపు ఖనిజములు కరగియుండును. నీరు అద్దముమీద ఆరిపోయినపుడు నీరు మాత్రమే పోవును, సున్నము నిలిచిపోవును. తెల్లని మచ్చలన్నియు అవియే. అద్దమును నీటితో కడిగి ఎండలో వదలిపెట్టువారు దానిని శుభ్రపరచుట లేదు, సున్నము పూయుచున్నారు. అనగా ఈ వృత్తి రహస్యమంతయు ఒక్కమాటలో నున్నది: నీరు తానుగా ఆరకముందే దానిని అద్దముమీదనుండి తీసివేయవలెను. విదేశములలో కొందరు ఖనిజములన్నిటిని వడపోసిన నీటిని పొడవైన గొట్టపు కఱ్ఱల ద్వారా చిమ్మి, తుడువకయే వదలివేయుదురు. అందు కరగినదేమియు లేదు గనుక మచ్చ పడదు. మన పిల్లవానికి ఆ యంత్రము అవసరము లేదు.

అవసరమైనది రబ్బరు వైపరు. నేల తుడుచు పెద్దది కాదు. జానెడున్నరకు మించని వెడల్పుగల, పలుచని రబ్బరు అంచుతో అద్దమునకై చేసినది. దీని చరిత్ర చిన్నదే యైనను వినదగినది. ఇటలీనుండి అమెరికాకు వలసపోయి, కాలిఫోర్నియాలోని ఓక్లండు పట్టణములో కిటికీలు తుడిచి జీవించిన ఎత్తోరే స్తెక్కోనే యను నతడు 1936లో ఇత్తడితో తేలికయైన పనిముట్టును చేసెను. అంతకుముందు వాడుకలోనున్నది బరువైన ఉక్కుది. రబ్బరు మార్చవలెనన్న మరలన్నియు విప్పవలసివచ్చెడిది. ఇప్పుడు బజారులలో దొరకు వైపర్లన్నియు ఇంచుమించుగ ఆతని పోలికవే. పండితులు కాని, ఇంజనీర్లు కాని కాక, ప్రతిదినము ఆ పని చేయుచు చేయి నొచ్చినవాడే దానికి మందు కనిపెట్టెను. ఇరువది మూడేండ్ల తరువాత, 1959లో, ఆంగ్లదేశపు పిల్కింగ్టన్ సంస్థవారు కరగిన తగరముపై కరగిన గాజును తేలించి చదునైన అద్దమును చేయు విధానమును ప్రకటించిరి. నేటి మన కిటికీలంతంత పెద్దవిగ, అంత నునుపుగ నుండుటకు అదియే కారణము. నునుపైన అద్దముమీదనే వైపరు చక్కగ నడచును.

పని చేయు విధము చెప్పెదను. ఒక బక్కెట్టు నీటిలో పాత్రలు తోము ద్రవసబ్బు అయిదారు చుక్కలు చాలును. ఎక్కువ పోసినచో సబ్బే పొరకట్టును. సబ్బు మురికిని వదలించుటకే కాక, రబ్బరు జారుటకు కందెనగా కూడ నుండును. స్పాంజితో అద్దమంతయు తడిపి రుద్దవలెను. పిదప పొడిగుడ్డతో పై అంచున రెండు వ్రేళ్ళ మేర తుడిచి, ఆ పొడి చోటునుండి వైపరును మొదలుపెట్టవలెను. తడిచోటునుండి మొదలుపెట్టినచో రబ్బరు అదరి గీతలు పడును. పైనుండి క్రిందికి ఒక్కపట్టున లాగి, వెంటనే రబ్బరును గుడ్డతో తుడిచి, మొదటి పట్టుపై ఒక అంగుళము కలియునట్లు రెండవ పట్టు లాగవలెను. మన తాపీపనివాడు గోడకు సున్నము వేయునపుడు చూపు లెక్కయే యిది. కడపట అంచులలో నిలిచిన నీటిని పొడిగుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. రబ్బరు అంచు కత్తివలె నుండవలెను. అది గుండ్రనైనచో త్రిప్పి వేయవలెను, రెండు వైపులును అరిగినచో మార్చవలెను. వార్తాపత్రిక కాగితముతో తుడుచుట మనయిండ్లలో వాడుకయే. అద్దము మెరయును గాని ఆ సిరా తెల్లని యూపీవీసీ చట్రములకు అంటి, ఇల్లాలిచేత నాలుగు మాటలు పడవలసివచ్చును.

ఎండ పడుచున్న అద్దమును ముట్టరాదు. నీరు క్షణములో ఆరి చారలు కట్టును. ఉదయము పడమటి కిటికీలు, మధ్యాహ్నము తూర్పు కిటికీలు చేసికొనవలెను. వంటయింటి అద్దమునకు నూనెజిడ్డు, పూజగది అద్దమునకు దీపపు మసి పట్టియుండును. అచ్చట గోరువెచ్చని నీరు వాడవలెను. పాత సున్నపు మచ్చలకు వెనిగరులో సమముగ నీరు కలిపి తడిపి, కొన్ని నిమిషములుంచి కడుగవలెను. అయితే కిటికీ గడప పాలరాయి యైనచో ముందుగా దానిమీద తడిగుడ్డ పరువవలెను. వెనిగరు పాలరాతి మెరుగును తినివేయును. స్నానపుగదులకు వాడు ఘాటైన యాసిడ్లను బక్కెట్టు దరికి రానీయరాదు. అవి అల్యూమినియమును తినును, పీల్చినవాని ఊపిరితిత్తులను తినును. ఏండ్లతరబడి నిలిచిన మచ్చ గాజునే కొరికియుండును. అది యెంత రుద్దినను పోదు. పోదని పనికి ముందే యజమానునితో చెప్పవలెను. పని యైన తరువాత చెప్పినచో అది సాకు అగును. ఎండ రాకుండ పలుచని ఫిల్ము అంటించిన అద్దములకు బ్లేడు తగిలించరాదు. రంగుచుక్కలు గీకవలసివచ్చినను తడిగాజుమీదనే, అదియు ఇంటివారి అనుమతితో.

మన దేశపు కిటికీలకు ఇనుప గ్రిల్లులుండును. విదేశముల పుస్తకములలోని విధానములు ఇచ్చట సగము పనికిరావు. గ్రిల్లు వెలుపల నున్నచో జారు తలుపులను పైకెత్తి, క్రింది అంచును గాడినుండి తప్పించి, లోపలికి దించుకొనవచ్చును. పాత దుప్పటి పరచి, గోడకు ఆనించి రెండు ప్రక్కలును నేలమీదనే శుభ్రపరచవచ్చును. పెద్ద తలుపునకు ఇద్దరు కావలెను. ఇట్లు చేసినచో బయటికి వంగవలసిన పనియే లేదు.

ఇక్కడ నా తప్పు చెప్పుకొనవలెను. ఆ పిల్లవాడు మొదట పని నేర్చినది మా యింటి కిటికీలమీదనే. మా మేడమీది గదికి కదలని అద్దమొకటి కలదు. అది వెలుపలినుండి మురికిగ నుండెను. "క్రింది కిటికీ సన్‌షేడుమీద నిలుచుండి తుడువరాదా, నాయనా?" అని నేనే అంటిని. గురువు చెప్పినమాట యని వాడు దిగెను. సన్‌షేడుమీద పాచి, దానిమీద సబ్బునీరు. కాలు జారెను. గ్రిల్లు ఊచ చేతికి చిక్కుటచే నిలిచెను గాని, తుప్పుపట్టిన ఊచ అరచేతిని చీల్చినది. నాలుగు కుట్లు, ధనుర్వాతపు సూది, వారము దినములు దుకాణమున జీతపుకోత. వైద్యమునకు నేను డబ్బిచ్చితిని. అది పెద్దసంగతి కాదు. పదునాలుగడుగుల క్రింద సిమెంటు నేల యున్నదని నాకు ముందు తోచకపోవుటయే పెద్దసంగతి. ఇప్పటికిని ఆ గదిలో పరుండినపుడు ఆ అద్దము నా కన్నులయెదుట నుండును. దానిని తుడిపించుట మానితిని. వాన కడుగునంత కడుగును.

ఆనాటినుండి వాడొక నియమము పెట్టుకొనెను. రెండు కాళ్ళును ఇంటిలోపల గాని, నేలమీద గాని ఉండవలెను. సన్‌షేడు, పిట్టగోడ, కిటికీ గడప ఎక్కడు. నేల అంతస్తుకు వాలునిచ్చెన వేసినచో నాలుగు మూరల ఎత్తునకు ఒక మూర దూరముగ కాళ్ళు పెట్టును. చదునైన, పొడియైన నేల గావలెను. క్రింద ఒకరు పట్టుకొని నిలువవలెను. అంతకు మించిన ఎత్తు పనిని "ఇది తాళ్ళతో దిగు శిక్షణ పొందినవారి పని, నాది కాదండీ" అని చేతులు జోడించి వదలుకొనును. ఒక యింటివారు ఆ మాట విని, "పిరికివాడు" అని వేరొకరిని పిలిచిరి. ఆ యింటి డబ్బు పోయినందుకు వానికి బాధ కలిగెను, నాకు కలుగలేదు. కుంచెడు గింజల కూలికి పోయిన తూమెడు గింజలు దూడ మేసినట్లు, ఆరువందల రూపాయల కొరకు ఎకరమున్నర అమ్మి ఆసుపత్రికి కట్టవలసివచ్చిన, ఆ తండ్రికి నేనేమి చెప్పగలను?

ఆ తండ్రి కథ ముగియలేదు. నా మాటలకు అతడు తృప్తిపడలేదు. "సరే, వాడేం చేస్తున్నాడో చూస్తాను" అని ఆదివారమువరకు ఉండిపోయెను. కుమారునితో కూడ మా వీధిలోని ఒక యింటికి వెళ్ళెను. ముందటి రాత్రి వాన కురిసినది. కిటికీ గాడిలో నీరు నిలిచి, గది లోపలికి కారి, గోడ ఉబ్బియుండెను. ఇంటివారు కిటికీ చేసినవానిని తిట్టుచుండిరి. కుమారుడు అద్దములు తుడుచుచుండగా, రైతు ఆ గాడి దగ్గర గొంతుకూర్చుండి చూచెను. గాడికి బయటివైపున సన్నని రంధ్రములు రెండు కలవు. పావురపు ఈకలు, దుమ్ము, చీమల మట్టి చేరి అవి పూడిపోయినవి. అతడొక చీపురుపుల్లతో పొడిచెను. నీరు బొళబొళ బయటికి పోయెను. "తూము మూసుకుపోతే మడిలో నీళ్ళు గట్టు తెంచవా?" అని మాత్రమనెను.

ఆ గుమాస్తా గాని, ఈ పండితుడు గాని అంతవరకు ఆ రంధ్రములు ఎందుకున్నవో ఆలోచింపలేదు. వాననీరు గాడిలో పడినచో వెలుపలికి పోవుటకే వానిని పెట్టుదురు. నాటినుండి గాడి తుడిచి, తూములు తెరచి, చెంబెడు నీరు పోసి పోవుచున్నదో లేదో చూపుట వాని పనిలో భాగమైనది. అద్దము మెరుపు పదిదినములలో మాసిపోవచ్చును. వానలో గోడ తడవకపోయిన యింటివారు మాత్రము మరల తప్పక పిలుతురు. గాడి తుడుచుటకు పాత పండ్లకుంచె, పలుచని రంగుకుంచె చాలును. ముందు పొడిగా దుమ్ము తీసి, తరువాత తడిపవలెను, లేనిచో బురదయగును. దోమతెరలను తీసి, స్నానపుగదిలో మెత్తని కుంచెతో కడిగి, నీడను ఆరనిచ్చి పెట్టవలెను.

ఇప్పుడు లెక్క చెప్పెదను. ఇది ఉదాహరణకు వేసిన లెక్క; ధరలు పేటకొక తీరుగ నుండును. ఒక యింట ఎనిమిది కిటికీలు, ఒక్కొక్కదానికి రెండేసి జారు తలుపులు, వెరసి పదునాఱు తలుపులనుకొందము. తలుపునకు, గాడితో, దోమతెరతో సహా, 40 రూపాయల చొప్పున 640 రూపాయలు. రాకపోకలకు, సబ్బునకు, గుడ్డల ఉతుకునకు 60 పోగా 580 మిగులును. పని రెండుగంటలకు పైబడి పట్టును. ఆదివారమునకు రెండిండ్లకంటె పెట్టుకొనరాదు. మూడవ యింట చేయి సాగదు, కన్ను ఆనదు. ఒక్కొక్క యింటివారు మూడు నెలలకొకసారి పిలిచినచో, పండుగలకు, వానలకు మూడు ఆదివారములు తీసివేయగా పది ఆదివారములు మిగులును. అనగా ఇరువది యిండ్లున్న చాలును. మూడు నెలలకు 11,600 రూపాయలు, నెలకు నాలుగువేలకు కొంచెము లోపు. దీనితో మేడలు కట్టలేము. ఈ మాట నేను గట్టిగా చెప్పుచున్నాను. ఏలయనగా రెండు ఆదివారముల డబ్బు చూచి దుకాణపు ఉద్యోగము మానివేయుదునని ఆ పిల్లవాడు ఒకప్పుడు తొందరపడెను. ఇరువది యిండ్లు నలుబది కావలెనన్న వారపుదినములు కావలెను, సహాయకుడు కావలెను, వానికి జీతమీయవలెను. అది వేరు వ్యాపారము. పెట్టుబడి మాత్రము స్వల్పము. నిచ్చెన తీసివేసినచో వైపర్లు, స్పాంజి, బక్కెట్టు, అరడజను మైక్రోఫైబరు గుడ్డలు రెండువేల లోపల సమకూరును.

ఇంగ్లండులో ఇట్టి యిండ్ల వరుసకే ఒక విలువ యుండును. ఒక వీధిలో క్రమముగ పిలుచు యిండ్లను సంపాదించుకొన్నవాడు, పని మానునపుడు ఆ వరుసను వేరొకనికి వెలకు అమ్మును. స్కాట్లండులో 1982 నాటి చట్టము ప్రకారము, కిటికీలు తుడుచువారు లైసెన్సు పొందవలెనని స్థానిక సంస్థలు నియమము పెట్టవచ్చును. అద్దము తుడుచువాడు ఇంటిలోపలికి చూచును గదా. మనదేశములో అట్టి చట్టము లేకున్నను ఆ నీతి అవసరమే. బీరువా తెరచియున్న గదిలోనికి ఇంటివారు పిలువనిదే పోరాదు. కిటికీ ప్రక్కనున్న వస్తువులను ఇంటివారిచేతనే తీయింపవలెను. పూర్వమే ఉన్న గీతను, పగులును పనికి ముందే చూపి, సెల్‌ఫోనులో ఫొటో తీసికొనవలెను. ఈ యింటి మాట ఆ యింట చెప్పరాదు. ఒంటరిగా నుండు వృద్ధురాలి యింటికి వెళ్ళునపుడు పొరుగువారికి గాని, కావలివానికి గాని తెలియజేసి వెళ్ళవలెను. అది ఆమెకును మేలు, వీనికిని మేలు. సీతమ్మధారలో ఈ పిల్లవానికి మొదటి అయిదిండ్లు నేను చెప్పినవి. తక్కిన పదునైదును ఆ అయిదిండ్లవారు చెప్పినవి.

ప్రభుత్వ వ్యవహారములు క్లుప్తముగ చెప్పెదను. ఇంత చిన్న సంపాదనకు జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అక్కరలేదు, సేవలకు సాధారణముగ ఏటికి 20 లక్షలు దాటినప్పుడు గదా ఆ చింత. వ్యాపారమునకు గుర్తింపు కావలెనన్నచో 2020లో మొదలైన ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితము; దానికి డబ్బడుగువారిని నమ్మరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది భీమా. 2015లో ప్రవేశపెట్టిన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో, బ్యాంకు ఖాతా గల 18 మొదలు 70 ఏండ్లవారు ఏటికి 20 రూపాయలు కట్టినచో, ప్రమాదమువలన మరణము గాని సంపూర్ణ వైకల్యము గాని కలిగిన 2 లక్షలు, శాశ్వతమైన పాక్షిక వైకల్యమునకు 1 లక్ష లభించును. మీ పిల్లవాడు కిటికీలు తుడువకున్నను ఇది కట్టించుడు. అయితే అరచేతి కుట్లకు, పదిదినముల కూలికి ఈ భీమాలో నేమియు రాదు. అది మరువరాదు.

ఈ పనికి కాలములు కలవు. దసరాకు, దీపావళికి, సంక్రాంతికి ముందు పిలుపులు ఎక్కువ. సంక్రాంతికి మన పిల్లలు ఊరు పోవుదురు గనుక ధనుర్మాసము మొదటి పక్షములోనే ఆ యిండ్లు పూర్తిచేసికొనవలెను. ఆశ్వయుజ కార్తికములలో తుపానుల భయము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ నగరముమీదనే తీరము దాటినది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన ఆ గాలికి ఎన్ని భవనముల అద్దములు పగిలినవో లెక్కలేదు. మిగిలిన అద్దములకు ఉప్పు, ఆకుల రసము అంటుకొని పోయెను. తుపాను హెచ్చరిక ఉన్న దినమున పని పెట్టుకొనరాదు. తుపాను పోయిన మరునాడు పిలిచినను, చట్రములో పగిలిన ముక్కలు నిలిచియున్నచో ముందు అద్దములవానిని పిలిపింపుమని చెప్పవలెను. చేతులకు తోలు తొడుగులు లేక ముట్టరాదు.

రైతు వెళ్ళిపోవునాడు బస్సు స్టాండువరకు నేను సాగనంపితిని. పిల్లనిచ్చువారు అడిగినచో ఏమి చెప్పుదువని అడిగితిని. "మందులకొట్లో గుమాస్తా అని చెప్తాను" అనెను. కొంతదూరము నడచిన పిమ్మట, "ఆదివారాలు ఇళ్ళకి నీళ్ళ తూములు చూస్తాడని చెప్తాను" అనెను. అద్దముల మాట మాత్రము ఎత్తలేదు. నేనును బలవంతపెట్టలేదు.

మూడు నెలల తరువాత ఊరినుండి ఒక మూట వచ్చెను. విప్పి చూడగా మడతలు పెట్టిన పాతపంచె ముక్కలు. అనేకసార్లు ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ అంచులలోని నీటిని పీల్చుటకు కొన్న గుడ్డలకంటె మేలని కుమారుడు ఫోనులో చెప్పెనట. ఆ తండ్రి తన పంచెలే చింపి పంపెను. గంజి పెట్టినచో అద్దముమీద చారలు పడునని కూడ కుమారుడు చెప్పియుండెను. కావున ఆ ముక్కలను గంజి పెట్టక, రెండుమార్లు మంచినీట జాడించి ఆరవేయించెనట.